ఇది ఏ ప్లాస్టిక్? ఇంట్లోనే పాలిమర్ రకాన్ని తేల్చుకునే సమగ్ర మార్గదర్శి

వంటింట్లో వేడి సాంబారు పోసినా చెక్కుచెదరని డబ్బా ఒకటి ఉంటుంది, వేణ్నీళ్ళు తగలగానే ముడుచుకుపోయే సీసా ఇంకొకటి ఉంటుంది. మేడ మీద ఏళ్ళ తరబడి ఎండకు నిలిచే నీళ్ళ ట్యాంకు పక్కనే, పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే బట్టల తాడు కనిపిస్తుంది. అన్నిటినీ కలిపి ‘ప్లాస్టిక్’ అనేస్తాం. నిజానికి అవి వేర్వేరు పదార్థాలు. ఇనుముకూ ఇత్తడికీ ఉన్నంత తేడా వాటి మధ్య ఉంటుంది. ఏది ఏదో తెలిస్తే, ఏ వస్తువు దేనికి పనికొస్తుందో దేనికి పనికిరాదో కొనకముందే చెప్పేయొచ్చు.

తెలుసుకోవడానికి ల్యాబు అక్కర్లేదు. ఒక గాజు గిన్నె, లీటరు నీళ్ళు, పావుకిలో ఉప్పు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, కాస్త వేరుశనగ నూనె, కత్తెర, పట్టకారు, పాత సూది, కొవ్వొత్తి, జానెడు రాగి తీగ ఉంటే చాలు. కొనబోయే వస్తువుకు ఇవన్నీ చేయలేం కాబట్టి, మొదటి రెండు మెట్లూ దుకాణంలో నిలబడి చేయగలిగేవి. తర్వాతివి ఇంటి దగ్గర.

మొదలుపెట్టే ముందు: లోపల ఏముంది?

పాలిమర్ అంటే చిన్న అణువులు వేల సంఖ్యలో ఒకదానికొకటి తగులుకుని కట్టిన పొడవాటి గొలుసు. ఆ చిన్న అణువు పేరు మోనోమర్. ఎథిలీన్ అనే వాయువు అణువుల్ని వరుసగా కలిపితే పాలిథీన్ అవుతుంది. ఇంత పొడవైన అణువులు ఉంటాయని 1920లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ స్టౌడింగర్ రాసినప్పుడు తోటి రసాయన శాస్త్రవేత్తలే చాలామంది ఒప్పుకోలేదు. చిన్న అణువులే ఏదోలా ముద్దగా అంటుకుని ఉంటాయని వాళ్ళ వాదన. ఆయనకు నోబెల్ 1953లో గానీ రాలేదు.

ఉడికించిన సేమియాను గిన్నెలో ఊహించుకోండి. వేడిగా ఉన్నప్పుడు పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, చల్లారితే ముద్ద కడతాయి, మళ్ళీ వేడిచేస్తే మళ్ళీ జారతాయి. ఇలా ప్రవర్తించేవి థర్మోప్లాస్టిక్‌లు. పోగుల మధ్య అడ్డంగా ముళ్ళు పడిపోతే ఇక ఎంత వేడిచేసినా జారవు, చివరికి మాడతాయంతే. అవి థర్మోసెట్‌లు. ముళ్ళు అక్కడక్కడా మాత్రమే ఉంటే లాగినప్పుడు సాగి, వదిలితే మళ్ళీ దగ్గరికి వస్తాయి. అవి రబ్బరు జాతి, ఎలాస్టోమర్లు. రకాలు ఎన్ని ఉన్నా ముందు తేల్చుకోవలసింది ఈ మూడు కుటుంబాల్లో ఏదన్నదే.

పాలిమర్లన్నీ ఫ్యాక్టరీలోనే పుట్టవు. పత్తి ఒక పాలిమర్, పట్టు ఒక పాలిమర్, మన జుట్టూ పాలిమరే. ఈ సంగతి నిప్పు పరీక్ష దగ్గర పనికొస్తుంది.

మెట్టు 1: బోర్లించి చూడండి

డబ్బా అడుగున బాణాల త్రికోణం, మధ్యలో 1 నుంచి 7 లోపు ఒక అంకె కనిపిస్తుంది. అమెరికాలోని ప్లాస్టిక్ పరిశ్రమల సంఘం 1988లో మొదలుపెట్టిన పద్ధతి ఇది. రీసైక్లింగుకు వచ్చిన సరుకును వేరుచేసేవాళ్ళ కోసం పెట్టారు.

1 అంటే పెట్. మంచినీళ్ళ సీసాలు, కూల్‌డ్రింక్ సీసాలు ఇదే. 2 హెచ్‌డీపీఈ, గట్టి పాలిథీన్: షాంపూ, ఫినాయిల్, ఇంజిన్ ఆయిల్ డబ్బాలు. 3 పీవీసీ: పైపులు, రెక్సిన్, కరెంటు వైరు తొడుగు. 4 ఎల్‌డీపీఈ, మెత్తటి పాలిథీన్: పాల ప్యాకెట్ లాంటివి. 5 పాలిప్రొపిలీన్, అందరూ పీపీ అంటారు: బకెట్లు, టిఫిన్ డబ్బాలు, కర్రీ పాయింట్ వాళ్ళిచ్చే పారదర్శకమైన డబ్బాలు. 6 పాలిస్టైరీన్, దాన్ని నురుగులా ఉబ్బిస్తే థర్మకోల్. పై ఆరూ కానివన్నీ 7 కిందికి వస్తాయి. పాలికార్బొనేట్, నైలాన్, అక్రిలిక్, రెండు మూడు పొరలు కలిపినవి, అన్నీ ఒకే గంపలో.

‘5 ఉంటే మంచిది, 7 ఉంటే విషం’ అని వాట్సాప్‌లో తిరిగే చిట్టాను నమ్మకండి. ఆ అంకె పాలిమర్ పేరు మాత్రమే చెబుతుంది. అందులో ఏ రంగు కలిపారో, పాత ప్లాస్టిక్ ఎంత కలిపారో చెప్పదు. తిండికి పనికొస్తుందా లేదా అన్నదానికి గ్లాసు, ఫోర్కు బొమ్మ గానీ, తయారీదారు రాతపూర్వకంగా చెప్పిన ఫుడ్ గ్రేడ్ మాట గానీ చూడాలి. భారతీయ ప్రమాణాల్లో ఆహారానికి తగిలే పాలిథీన్‌కు ఐఎస్ 10146, పాలిప్రొపిలీన్‌కు ఐఎస్ 10910 ఉన్నాయి.

అంకె లేకపోయినా అడుగు ఇంకో కబురు చెబుతుంది: వస్తువును ఎలా పోతపోశారో. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నా లెక్కలో అంకె కంటే ఇదే నమ్మదగ్గది.

కూల్‌డ్రింక్ సీసా అడుగున నట్టనడుమ చిన్న గుండ్రటి చుక్క ఉంటుంది. ముందు పరీక్షనాళిక లాంటి చిన్న గొట్టాన్ని పోతపోసి, దాన్ని మళ్ళీ వేడిచేసి, లోపలికి గాలి ఊది సీసాగా సాగదీస్తారు. ఆ గొట్టంలోకి కరిగిన ప్లాస్టిక్ దిగిన చోటే ఆ చుక్క. చుక్క ఉండి గాజులా మెరిసే సీసా దాదాపుగా పెట్టే. ఇప్పుడు షాంపూ డబ్బా తిప్పండి. అడుగున ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నిలువుగా మచ్చలాంటి గీత ఉంటుంది. కరిగిన గొట్టాన్ని అచ్చు రెండు దవడలూ నొక్కి పట్టుకుని ఊదినప్పుడు పడిన అతుకు అది. గీత ఉండి, మసకగా ఉండే డబ్బా ఎక్కువగా హెచ్‌డీపీఈ. బకెట్టుకూ మగ్గుకూ అడుగు మధ్యలో గరుకు బొడిపె తగులుతుంది. ఒత్తిడితో అచ్చులోకి కొట్టిన ఇంజెక్షన్ మోల్డింగ్ గుర్తు అది. వీటిలో పీపీ ఎక్కువ. నీళ్ళ ట్యాంకుకు ఇవేవీ ఉండవు. పొడిని అచ్చులో వేసి, కొలిమిలో అచ్చును అన్ని వైపులా నెమ్మదిగా తిప్పుతూ గోడలకు అంటుకునేలా చేస్తారు. పైపుల్ని అచ్చులో పోయరు, జంతికల గొట్టంలోంచి వచ్చినట్టే ఆగకుండా నెట్టుకొస్తాయి. అందుకే వాటి మీద రాత పొడవునా మళ్ళీ మళ్ళీ వస్తుంది.

మెట్టు 2: గోరు, చెయ్యి, చెవి

గోటితో గీరండి. ఎల్‌డీపీఈ మీద గీత పడుతుంది, మైనంలా నున్నగా తగులుతుంది. హెచ్‌డీపీఈ మీద కష్టపడితే పడుతుంది. పీపీ మీద పడదు.

నలపండి. ప్లాస్టిక్ కవర్ల దుకాణంలో మూడు పేర్లు వినిపిస్తాయి: ఎల్‌డీ, హెచ్ఎమ్, పీపీ. ఎల్‌డీ కవరు మెత్తగా ఉండి చప్పుడు చేయదు, లాగితే సాగుతుంది. హెచ్ఎమ్ కవరు పల్చగా ఉండి గరగరలాడుతుంది, అది హెచ్‌డీపీఈ. పీపీ కవరు అద్దంలా మెరుస్తుంది. చీరలు, చొక్కాలు పెట్టిచ్చేది అదే, దానికి ఒక్క గాటు పడితే చివరిదాకా చిరిగిపోతుంది.

వంచండి. మూతకీ డబ్బాకీ మధ్య పల్చటి మడత ఉండి, వేలసార్లు తెరిచి మూసినా తెగకపోతే అది పీపీ. వేరే ప్లాస్టిక్‌లు అంత ఓపిక పట్టలేవు. వంచినప్పుడు పుటుక్కున విరిగితే పాలిస్టైరీన్‌ను అనుమానించాలి. రాయి మీద పడేసి వినండి: పాలిస్టైరీన్ గాజు, లోహం మోగినట్టు టింగుమంటుంది. పాలిథీన్ డొప్పగా చప్పుడు చేస్తుంది.

కంటికి తెలిసేది ఇంకొకటి. రంగు కలపని పాలిథీన్ మందంగా ఉంటే పాలలా మసకగా ఉంటుంది గానీ గాజులా ఉండదు. గొలుసులు కొన్ని చోట్ల వరుసగా పేర్చుకుని స్ఫటికాలవుతాయి, వెలుగు అక్కడ చెదిరిపోతుంది. పాలిస్టైరీన్, అక్రిలిక్, పాలికార్బొనేట్ గొలుసులు అలా పేర్చుకోలేవు, కాబట్టి అవి స్వచ్ఛంగా కనిపిస్తాయి. పెట్ మధ్యరకం. వేగంగా చల్లారిస్తే పారదర్శకం, నిదానంగా చల్లారిస్తే తెల్లగా అవుతుంది.

మెట్టు 3: సూది పరీక్ష

పాత సూదిని పట్టకారుతో పట్టుకుని కొవ్వొత్తి మీద కాల్చి, వస్తువు మీద కనపడని చోట ఒత్తండి. షాపువాడు ఒప్పుకోడనుకోండి, ఇంటికి తెచ్చాకే చేయండి. సూది దిగబడితే థర్మోప్లాస్టిక్. దిగకుండా గోధుమ రంగు మచ్చ పడి ఘాటు వాసన వస్తే థర్మోసెట్.

కుక్కర్ పిడి, మెలమైన్ ప్లేట్లు, పాతకాలం నల్ల స్విచ్చులు థర్మోసెట్‌లు. మొట్టమొదటి పూర్తి కృత్రిమ ప్లాస్టిక్ బేకలైట్ ఈ కుటుంబమే. లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి చేశాడు. ఇంట్లో తెల్లటి కొత్త స్విచ్చులున్నాయి కదా, వాటిలో చాలావరకు పాలికార్బొనేట్, అంటే థర్మోప్లాస్టిక్. అలవాటుగా ‘బేకలైట్ స్విచ్చు’ అంటున్నాం అంతే.

ముళ్ళు పడటం కళ్ళారా చూడాలంటే పైపు లీకులకు వాడే ఎపాక్సీ పుట్టీ కొనండి. రెండు ముద్దలూ కలిపి పిసుకుతుంటే కాసేపటికి అరచేతిలో వెచ్చబడుతుంది. గొలుసులు ఒకదానికొకటి ముడిపడుతున్నప్పుడు పుట్టే వేడి అది. గట్టిపడ్డాక మళ్ళీ మెత్తబడదు. టైరూ అంతే. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచాడు. ఆ గంధకం ముళ్ళ వల్లే పాత టైర్లను కరిగించి కొత్తవి పోయలేం, తురమడమో కాల్చడమో తప్ప.

మెట్టు 4: నీళ్ళ గిన్నె

అసలు పరీక్ష ఇదే. ఖర్చు లేదు, పొగ లేదు, పిల్లలతో కూడా చేయించొచ్చు.

వస్తువు నుంచి వేలిగోరంత ముక్క కత్తిరించండి. డబ్బా మొత్తం వేస్తే లోపలి గాలికి ఏదైనా తేలుతుంది. ముక్కను లిక్విడ్ రాసి కడగండి. నీళ్ళలోనూ ఒక చుక్క లిక్విడ్ వేయండి. ఇది మరిచిపోతే ముక్క అంచులకు ఆవగింజల్లాంటి బుడగలు పట్టుకుని, మునగాల్సింది కూడా తేలుతుంది. ముక్కను వేలితో నీటి అడుగుకు నొక్కి, వదలండి.

పైకి లేచిందా? పాలిథీన్ గానీ పీపీ గానీ అవుతుంది. నీటి సాంద్రత 1 అనుకుంటే పీపీ 0.90–0.91, ఎల్‌డీపీఈ 0.92 దగ్గర, హెచ్‌డీపీఈ 0.95 దగ్గర. ఇంట్లో దొరికే నురుగు కాని ప్లాస్టిక్‌లలో నీటి మీద తేలేవి దాదాపుగా ఇవే.

మునిగితే ఉప్పు కలపాలి. లీటరు నీటికి పావుకిలో ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. నీటి సాంద్రత 1.15 దాకా వెళ్తుంది. ఇప్పుడు పాలిస్టైరీన్ తేలిపోతుంది, టీవీ, ఫ్యాన్ల పైతొడుగులకు వాడే ఏబీఎస్ అనే ప్లాస్టిక్ కూడా తేలిపోతుంది, రెంటి సాంద్రతా 1.05 చుట్టూ ఉంటుంది. నైలాన్ 1.14, అటూ ఇటూ ఊగిసలాడుతుంది. అక్రిలిక్ 1.18, పాలికార్బొనేట్ 1.2, పెట్ 1.38, గట్టి పీవీసీ 1.4 దగ్గర. ఇవన్నీ అడుగునే ఉండిపోతాయి.

మామూలు నీళ్ళలో తేలినవాటిని విడదీయాలంటే తుడిచి వేరుశనగ నూనెలో వేయండి. హెచ్‌డీపీఈ మునుగుతుంది. పీపీ తేలుతుంది, లేదా మధ్యలో వేలాడుతుంది. ఎల్‌డీపీఈ, నూనె సాంద్రతలు మరీ దగ్గర కాబట్టి అక్కడ నూనె మాట వినకండి, గోటి మాట వినండి.

కూల్‌డ్రింక్ సీసానూ దాని మూతనూ ముక్కలు చేసి ఒకే గిన్నెలో వేస్తే సీసా ముక్కలు దిగిపోతాయి, మూత ముక్కలు తేలతాయి. మూత పాలిథీన్ లేదా పీపీ. రీసైక్లింగు ఫ్యాక్టరీలో పెద్ద తొట్టెల్లో జరిగేదీ ఇదే. కోస్తాలో మత్స్యకారులు ఇదే లెక్కను రోజూ వాడుతుంటారు. వల నైలాన్, తనంతట తానే నీళ్ళలోకి దిగుతుంది. పైన తేలాల్సిన తాడు పీపీ గానీ పాలిథీన్ గానీ.

ఈ పరీక్షను బోల్తా కొట్టించేవి ప్లాస్టిక్ కుర్చీలు. చౌకరకం కుర్చీలో పీపీకి సుద్దపొడి బాగా దట్టిస్తారు. బరువు పెరిగి ముక్క నీళ్ళలో మునుగుతుంది, మీరేమో పీవీసీ అనుకుంటారు. విరిగిన చోట చూడండి, లోపల సున్నంలా తెల్లగా, గరుకుగా ఉంటుంది. అలాంటి కుర్చీ బరువుగా ఉందని గట్టిదనుకోవద్దు. సుద్ద ఎక్కువైతే వెనకకాలు మీద ఊగినప్పుడు వంగదు, విరుగుతుంది.

మెట్టు 5: నిప్పు, తప్పనిసరైతేనే

ఆరుబయట, గాలి వాలుకు ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, బియ్యపుగింజంత ముక్కను పట్టకారుతో పట్టుకుని చేయండి. పక్కన నీళ్ళ మగ్గు ఉండాలి. పొగ మీదికి వంగి పీల్చకండి, చేత్తో కొద్దిగా విసురుకుంటే వాసన తెలుస్తుంది. సోఫా, పరుపుల ఫోమునూ నాన్‌స్టిక్ పూతనూ అసలు కాల్చవద్దు, వాటి పొగ ప్రమాదకరం.

పాలిథీన్ అడుగున నీలంగా, పైన పసుపుగా మండుతూ చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఆర్పితే కొవ్వొత్తి ఆర్పిన వాసన. అందులో ఆశ్చర్యం లేదు, మైనం కూడా అదే జాతి గొలుసు, పొట్టిది. పీపీ కూడా ఇలాగే మండుతుంది, వాసన కాస్త ఘాటు. పాలిస్టైరీన్ నుంచి నల్లటి మసి దారాలు దారాలుగా గాల్లోకి లేస్తుంది. పీవీసీ మంటలో ఉన్నంతసేపే కాలుతుంది, బయటికి తీయగానే ఆరిపోతుంది, ముక్కు మండే యాసిడ్ వాసన వస్తుంది.

పీవీసీ అని రూఢి చేసుకోవడానికి రాగి తీగ. తీగను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు ఒక్కసారి తాకించి, మళ్ళీ మంటలో పెట్టండి. ఆకుపచ్చ మంట వస్తే క్లోరిన్ ఉన్నట్టు. రెక్సిన్ సీటు, కరెంటు వైరు తొడుగు, పైపు అన్నీ పచ్చగా చూపిస్తాయి. ఒక్కసారి తాకిస్తే చాలు, సరదాకి పదిసార్లు చేయాల్సిన పని కాదు.

ఇదే పరీక్ష చీరల దుకాణాల్లోనూ ఉంది. ధర్మవరం, పోచంపల్లి పట్టు అని చెప్పి అమ్మే చీర కొంగు అంచున వేలాడే పోగు ఒకటి తెంపి వెలిగించండి. అసలు పట్టు ప్రొటీను కాబట్టి జుట్టు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి నల్లటి గట్టి పూసలా బిగుసుకుంటుంది. నూలు కాగితం కాలినట్టు కాలి మెత్తటి బూడిద మిగులుస్తుంది. నిలువు పోగు, అడ్డం పోగు రెండూ చూడాలి, ఒకటి పట్టు, ఒకటి పాలిస్టర్ వేసి నేసిన చీరలు ఉంటాయి.

మెట్టు 6: పేరు తేలింది, ఇప్పుడు దాని గుణం

గుణం తెలియాలంటే ఎలా తయారైందో తెలియాలి. పాలిథీన్‌తో మొదలుపెడదాం.

1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో ఐసీఐ కంపెనీ శాస్త్రవేత్తలు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఎథిలీన్‌ను వెయ్యికి పైగా వాతావరణ పీడనాల దగ్గర వేరొక రసాయనంతో కలపబోయారు. అనుకున్నది జరగలేదు గానీ పాత్రలో తెల్లటి మైనం లాంటి పదార్థం మిగిలింది. అదే పాలిథీన్. అంత ఒత్తిడిలో గొలుసు పెరిగేటప్పుడు పక్కకు కొమ్మలు వేస్తుంది. కొమ్మలున్న గొలుసులు దగ్గరగా పేర్చుకోలేవు. అందుకే అది తేలిక, మెత్తన, 110 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. అది ఎల్‌డీపీఈ. ఇరవై ఏళ్ళ తర్వాత, 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ ఒక ఉత్ప్రేరకంతో అదే ఎథిలీన్‌ను మామూలు ఒత్తిడిలోనే కలిపాడు. కొమ్మలు దాదాపు లేని నిటారు గొలుసులు వచ్చాయి, ఒత్తుగా పేర్చుకున్నాయి. గట్టిది, 130 డిగ్రీల దగ్గర కరిగేది, హెచ్‌డీపీఈ. వాయువు ఒకటే, కొమ్మల లెక్క మారింది. ఆ తర్వాత కావాలనే పొట్టి కొమ్మలు పెట్టి ఎల్ఎల్‌డీపీఈ చేశారు. నీళ్ళ ట్యాంకులు, పొలంలో డ్రిప్ పైపులు దానితోనే. ట్యాంకుకు ఐఎస్ 12701 గుర్తు చూసి కొనండి. నలుపు రంగు అందం కోసం కాదు, మసిపొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను మింగేసి గొలుసు తెగకుండా కాపాడుతుంది.

పీపీకి ఎథిలీన్ బదులు ప్రొపిలీన్. అందులో ప్రతి లంకెకూ పక్కన చిన్న రెమ్మ ఉంటుంది. రెమ్మలు ఎటుపడితే అటు ఉంటే జిగురుముద్ద వస్తుంది. 1954లో ఇటలీలో జులియో నట్టా వాటిని ఒకే వైపు నిలబెట్టగలిగాడు, 160 డిగ్రీలు దాటాక గానీ కరగని గట్టి ప్లాస్టిక్ వచ్చింది. 1963లో జీగ్లర్‌కూ నట్టాకూ కలిపి నోబెల్ ఇచ్చారు. మరిగే కూరకు, మైక్రోవేవ్‌కు అంకె 5 డబ్బాలు తట్టుకునేది ఇందుకే. మూత మాత్రం వేరే ప్లాస్టిక్ కావచ్చు, అది విడిగా చూడండి. పీపీకి రెండు బలహీనతలు: ఎండ, గడ్డకట్టే చలి. రెమ్మ ఉన్నచోటే గొలుసు ఎండకు తెగుతుంది, బట్టల తాడు పొడి రాలేది అలాగే. ఫ్రీజర్‌లో పెట్టిన పీపీ డబ్బా చేయి జారితే పగిలిపోతుంది, అక్కడికి పాలిథీన్ డబ్బా నయం. పసుపు మరకలు పడ్డ డబ్బాను కొన్ని గంటలు ఎండలో పెడితే పసుపులోని రంగు విరిగి మరక పోతుంది. రోజంతా వదిలేయకండి.

పెట్ వేరే దారిలో తయారవుతుంది. టెరిఫ్తాలిక్ ఆమ్లం, గ్లైకాల్ కలిసినప్పుడల్లా ఒక నీటి అణువు బయటికి పోతుంది. 1941లో ఇంగ్లండ్‌లో విన్‌ఫీల్డ్, డిక్సన్ దీన్ని దారంగా తీశారు, అదే పాలిస్టర్. పాలిస్టర్ చీరా కూల్‌డ్రింక్ సీసా ఒకే పాలిమర్. అందుకే ఖాళీ సీసాలు దారంగా మారి బట్టలవుతున్నాయి. 75 డిగ్రీలు దాటితే దాని గొలుసులు కదలడం మొదలుపెడతాయి. సీసాను సాగదీసి ఊదారు కదా, వేణ్నీళ్ళు పోయగానే ఆ సాగిన గొలుసులు వెనక్కి లాక్కుంటాయి. సింకులో పెట్టి మరిగే నీళ్ళు పోసి చూడండి, కళ్ళెదుటే కుంచించుకుపోతుంది. కాబట్టి ఆ సీసాలో వేడి రసం, వేడి పాలు పోయొద్దు. చల్లారిన పచ్చడి పోస్తే నష్టమేమీ లేదు.

పీవీసీ బరువులో 57 శాతం క్లోరిన్, అది ఉప్పు నుంచి వచ్చిందే. తనంతట తాను గట్టిది. నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలిపితే రెక్సిన్, వైరు తొడుగు, నీళ్ళ గొట్టంలా మెత్తబడుతుంది. కాలం గడిచేకొద్దీ ఆ నూనె బయటికి వచ్చేస్తుంది. పాత రెక్సిన్ జిగటగా మారి తర్వాత పగుళ్ళివ్వడానికి కారణం అదే. ఊరగాయ, నెయ్యి లాంటి కొవ్వు పదార్థాలను మెత్తటి పీవీసీకి దూరంగా ఉంచండి, కొవ్వు ఆ నూనెను లాగేసుకుంటుంది. గట్టి పీవీసీ కూడా 80 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది కాబట్టి గీజరు లైనుకు మామూలు తెల్ల పైపు పనికిరాదు. క్లోరిన్ ఇంకా ఎక్కించిన సీపీవీసీ, లేత గోధుమ రంగు పైపు, అక్కడ వేయాలి. దాని ప్రమాణం ఐఎస్ 15778. ప్లంబర్ ‘ఏదైనా ఒకటే సార్’ అంటే పైపు మీది రాత మీరే చదవండి.

పాలిస్టైరీన్ గురించి చెప్పాలంటే విశాఖ గుర్తుకు రాకుండా ఉండదు. ఎథిలీన్, స్టైరీన్ లాంటి మోనోమర్లు గొలుసు కడుతున్నప్పుడు వేడి పుడుతుంది, పుట్టీ ముద్దలో చూసినట్టే. స్టైరీన్ మరీ తొందరపడే మోనోమర్. అందుకే నిల్వ ట్యాంకును చల్లగా ఉంచి, గొలుసు కట్టనివ్వని నిరోధకం కలపాలి. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ఆర్.ఆర్.వెంకటాపురం దగ్గర ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ ట్యాంకులో ఆ జాగ్రత్తలు కరువై, స్టైరీన్ తనంతట తానే గొలుసులు కట్టడం మొదలుపెట్టింది. ఆ వేడికి మిగతాది ఆవిరై ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. తయారైపోయిన థర్మకోల్‌లో ఆ ప్రమాదం లేదు, మోనోమర్‌లో ఉంది. ఇంటికి సంబంధించినంతవరకు పాలిస్టైరీన్‌తో జాగ్రత్తలు రెండు: 100 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది, నూనెలకు లొంగుతుంది. థర్మకోల్ మీద నారింజ తొక్క పిండితే గుంటలు పడతాయి, తొక్కలోని నూనె దాన్ని కరిగిస్తుంది. నెయ్యి వేసిన వేడి వేడి పదార్థాలకు థర్మకోల్ ప్లేటు వద్దనేది అందుకే.

నైలాన్‌కు నీటి దాహం. వానాకాలంలో తేమ పీల్చుకుని కాస్త వదులవుతుంది, బిగుతుగా కట్టిన తాడు సాగినట్టు అనిపిస్తుంది. పాలికార్బొనేట్ సుత్తి దెబ్బకు కూడా పగలదు, పాత 20 లీటర్ల నీలం నీళ్ళ డబ్బాల్లో చాలా అదే. బిస్ఫినాల్-ఏ అనే రసాయనంతో తయారవుతుందన్న కారణంగా యూరప్ 2011లో పాలసీసాల్లో దాన్ని నిషేధించింది. పసిపిల్లల సీసాకు గాజో, స్టీలో, పీపీనో తీసుకుంటే ఆ గొడవే ఉండదు.

ఏ పరీక్షకూ లొంగకపోతే

చిప్స్ ప్యాకెట్, నూనె పౌచ్, టూత్‌పేస్ట్ ట్యూబు మీద వృథాగా తల బద్దలు కొట్టుకోకండి. అవి రెండు మూడు ప్లాస్టిక్ పొరలు, కొన్నిట్లో అల్యూమినియం కూడా కలిపి అతికించినవి. ఒక పొర తేలాలంటుంది, ఇంకోటి మునగాలంటుంది. పాత ప్లాస్టిక్ కలిపి పోసిన నల్ల బకెట్లు, కుండీలు కూడా అంతే, ఒకే ముక్కలో మూడు రకాలు ఉండొచ్చు.

డబ్బు పెట్టి సరుకు కొంటున్నవాళ్ళు, అంటే డ్రిప్ పైపులు లోడు దింపుకునే రైతు సంఘమో, గ్రాన్యూల్స్ (ప్లాస్టిక్ గింజలు) కొనే చిన్న యూనిటో, ఊహ మీద ఆధారపడకుండా నమూనాను కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్ సంస్థ సీపెట్‌కు పంపడం మంచిది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ కేంద్రాలున్నాయి. పరారుణ కిరణాలతో చేసే ఎఫ్‌టీఐఆర్ పరీక్ష పాలిమర్ పేరు చెబుతుంది. డీఎస్‌సీ పరీక్ష కరిగే ఉష్ణోగ్రత చెబుతుంది. రెండు రకాలు కలిశాయా లేదా అన్నది అందులోనే బయటపడుతుంది. కాల్చి బూడిద తూచే పరీక్ష అడిగితే సుద్ద ఎంత దట్టించారో శాతంతో సహా తెలుస్తుంది. నమూనా ఒక్కచోట నుంచి కాకుండా, లోడులో పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి విడివిడిగా తీసి, ఏది ఎక్కడిదో కవరు మీద రాసి ఇవ్వండి. సరఫరాదారు దగ్గర సంతకం పెట్టించుకున్న ఇంకో ముక్క మీ బీరువాలో ఉండాలి.